పర్యాటకుడు రాని కాలము



కువైటు దేశమున హవల్లీ మండలమునందు, నాలుగవ రింగు రోడ్డునకును ఐదవ రింగు రోడ్డునకును నడుమ, జాబ్రియా అను పేట యొకటి కలదు. కువైటుకు పోయివచ్చిన తెలుగువారికి ఈ పేరు చెప్పినంతనే మొదట స్ఫురించునది ముబారక్ అల్ కబీర్ ఆసుపత్రి; పిమ్మట దేశమున కంతటికిని నెత్తురు సమకూర్చు బ్లడ్ బ్యాంకు; అటుపిమ్మట, పెద్ద పెద్ద విల్లాల వంటయిండ్లలోనో, కఫీలు అనబడు యజమాని పిల్లలను బడికి దింపు కారులోనో గడచిపోయిన తమ యౌవనము. కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతములనుండియు, గోదావరి తీరపు పల్లెలనుండియు వెళ్ళిన మన స్త్రీపురుషులు ఖద్దామాలుగను, అనగా ఇంటి పనిమనుషులుగను, డ్రైవర్లుగను జీవించు పేటలలో ఇదియు నొకటి. ఇట్టి పేటలో, పన్నెండవ బ్లాకునందు, వెలుపలనుండి చూచువారికి ఒక సంపన్న గృహస్థుని యిల్లువలె మాత్రమే తోచు భవనపు నేలమాళిగలో, ఇస్లామీయ ప్రపంచపు వ్రాతప్రతులు, పింగాణీ పాత్రలు, ఆయుధములు, వాద్యములు, వెండి నగలు, కుట్టుపని చేసిన వస్త్రములు వేలకొలదిగా కూర్చిపెట్టిన తారిఖ్ రజబ్ మ్యూజియము ఉన్నదని ఎరిగినవారు మనలో అరుదు.

సంక్షోభములు వచ్చిపోయిన పిమ్మట చారిత్రక స్థలములకు యాత్రికులు ఎట్లు మరలివత్తురు, ఆ స్థలములు ఎట్లు కోలుకొనును అను విషయమును గూర్చి నేడు నాలుగు మాటలు చెప్పవలెనని సంకల్పము. ఈ విషయమును ఎత్తుకొన్నవారు సాధారణముగ అంకెలతో ఆరంభింతురు గనుక, నేనును వానిని ముందుగనే చెప్పి ఆ ఋణము తీర్చుకొందును. 2019వ సంవత్సరమున ప్రపంచమున ఒక దేశమునుండి మరియొక దేశమునకు జరిగిన పర్యాటక ప్రయాణములు సుమారు 146 కోట్లు. కరోనా మహమ్మారి విజృంభించిన 2020లో అవి అందు నాలుగవ వంతునకు పడిపోయినవి. 2024 నాటికి మరల 140 కోట్లకు చేరినవి. ఇంతకు చాల ముందు, 1997 నవంబరు 17వ తేదీన, ఈజిప్టు దేశపు లక్సరు చెంత హాట్షెప్సుట్ రాణి ఆలయమున ఘాతుకులు అరువదిమందికి చేరువగా యాత్రికులను పొట్టన బెట్టుకొన్నప్పుడు, ఇక ఆ దేశమున కెవ్వరును పోరని పత్రికలు వ్రాసినవి. కాని 1999 నాటికే అచ్చటికి వచ్చినవారి సంఖ్య పూర్వపు సంఖ్యను మించిపోయినది. మనుష్యుడు భయమును త్వరగా మరచును. యాత్రికుడు మరలివచ్చును, ఆ విషయమున నాకు ఎన్నడును సందేహము లేదు. అతడు వచ్చునాటికి అచ్చట చూచుట కేమి మిగిలియుండును, చూపుట కెవ్వరు మిగిలియుందురు అనునదే నన్ను వేధించు ప్రశ్న; దానికి ప్రత్యుత్తరము యాత్రికుడు రాని కాలమునందే నిర్ణీతమగునని నా నమ్మకము. ఆ నమ్మకమునకు జాబ్రియాకన్న మంచి సాక్ష్యము నాకు దొరకలేదు.

తారిఖ్ సయ్యద్ రజబ్ అను కువైటీయుడు ఆ దేశపు పురావస్తు, మ్యూజియముల శాఖకు మొట్టమొదటి అధిపతి. చమురు ధనముతో ఊరంతయు నూతన వేషము ధరించుచుండగా, మట్టిగోడల పాత ఇండ్లు దినదినము నేలమట్టమగుచుండగా, పాతవస్తువును పారవేయక దాచవలెనను బుద్ధి కలిగినవారు ఆ కాలమున స్వల్పసంఖ్యాకులు. ఆయనయు, ఆంగ్లేయురాలైన ఆయన భార్య జెహాన్ గారును, 1950ల నుండి దేశదేశములు తిరిగి సేకరించిన వస్తువులు ముప్పదివేలకు పైబడినవి. ఆ దంపతులే 1969లో న్యూ ఇంగ్లిష్ స్కూలును స్థాపించిరి. 1980లో తమ సేకరణమును ప్రజల దర్శనార్థము మ్యూజియముగా తెరచిరి. జెహాన్ గారికి స్త్రీల వస్త్రములయందును, పల్లెపడుచుల వెండి నగలయందును ప్రత్యేకాభిమానము. రాజుల ఖడ్గములను దాచువారు ఎందరైనను దొరకుదురుగాని, ఎడారి సంచారజాతికి చెందిన ఒక బదవీ స్త్రీ నుదుటి గొలుసును ఆదరముతో దాచువారు అరుదు. నా దృష్టిలో ఆ మ్యూజియమునకు గౌరవము తెచ్చినది ఈ గుణమే.

ఇదే కాలమున కువైటు నగరమున, సముద్రతీరమున, ఫ్రెంచి వాస్తుశిల్పి మిషెల్ ఎకొషార్ రూపకల్పన చేసిన జాతీయ మ్యూజియము వెలసినది. షేక్ నాసిర్ సబా అల్ అహ్మద్ తాను సేకరించిన అమూల్య కళాసంపదను రాజ్యమునకు ఎరవుగా ఒసగగా, ఆయన సతీమణి షేఖా హుస్సా నిర్వహణమున 1983లో ఆ ప్రాంగణమున దార్ అల్ ఆథార్ అల్ ఇస్లామియా అను సంస్థ ప్రారంభమైనది. ఆ సేకరణమున మన దక్కను దేశపు వస్తువులును గలవు. 2015లో న్యూయార్కు నగరపు మెట్రోపాలిటన్ మ్యూజియమువారు గోలకొండ, బీజాపురము మొదలగు దక్కను సుల్తానుల కళను ప్రదర్శించినప్పుడు అల్ సబా సేకరణమనబడు దీనినుండియు వస్తువులు తెప్పించుకొనిరి. గోలకొండ సొగసును చూడగోరు హైదరాబాదువాడు కువైటువైపు చూడవలసివచ్చుట విధివిలాసమే యగునుగాక, ఆ కథ వేరొకనాటిది.

1990 ఆగస్టు 2వ తేదీ తెల్లవారుజామున ఇరాకు సేనలు కువైటులో ప్రవేశించినవి. ఆ దినములనుండి మన తెలుగు కుటుంబములలో నేటికిని చెప్పుకొను కథలు తప్పించుకొనిపోయిన కథలు: బస్రా, బాగ్దాదుల మీదుగా ఎడారి దాటి జోర్డాను చేరుట, అమ్మాను నగరమున గుడారములలో పడిగాపులు కాచుట, ఎయిర్ ఇండియావారు నడపిన నాలుగు వందల ఎనుబదికి పైగా విమానములలో లక్షకు పైబడిన భారతీయులు బొంబాయికి చేరుట. పోవుటకు తావున్నవారు పోయిరి, వస్తువులు పోలేవు. జాతీయ మ్యూజియములోని వస్తువులను ఆక్రమణదారులు పెట్టెలకెత్తి, లారీలపై బాగ్దాదుకు తరలించిరి. కదల్పనలవికాని వానిని వదలిరి. పిదప భవనమునకు నిప్పు పెట్టిరి. మొరాకో దేశపు ఫెజ్ నగరమునుండి వచ్చిన పదునాలుగవ శతాబ్దపు చెక్కడపు తలుపులు ఆ మంటలలో బూడిదయ్యెను. ప్రాంగణమున నిలిపియుంచిన ముహల్లబ్ అను పాత తెరచాప నావ, 1937లో కువైటు వడ్రంగులు కట్టినది, అదియు కాలిపోయినది. వస్తువులలో నూటికి పైబడినవి మాత్రము, అదే నెలలో లెనిన్‌గ్రాడు హెర్మిటేజ్ మ్యూజియమున తెరువనున్న ప్రదర్శనము నిమిత్తము ముందుగనే దేశము దాటియుండుటచేత, ప్రవాసమున బ్రదికిపోయినవి.

ఇక జాబ్రియా సంగతి. రజబ్ దంపతులు దేశము విడువలేదు. పాశ్చాత్యులను పట్టుకొని మానవకవచములుగా సైనిక స్థావరములలో కూర్చుండబెట్టుచున్న ఆ దినములలో, ఆంగ్లేయురాలైన జెహాన్ గారు ఏడునెలలు ఆ ఊరనే ఉండి, పిమ్మట ఆ అనుభవమును 1993లో ఒక గ్రంథముగా ప్రకటించిరి. మ్యూజియము నేలమాళిగలో ఉండుట వారికి ఉపకరించినది. మెట్లు దిగి చేరవలసిన ద్వారమునకు అడ్డముగా ఇటుకలతో గోడ కట్టించి, ఆ మెట్లమీద చెత్తయు చెదారమును వెదజల్లి, అది యెన్నడో పాడుపడిన నిష్ప్రయోజనపు చోటని తోచునట్లు చేసిరి. ఎచ్చటికిని పోని ఆ మెట్లను చూచి సైనికులు ఆశ్చర్యపడిరేగాని, మనకును ప్రపంచమునకును అదృష్టవశమున, దాని గుట్టు విచారింపరైరి. 1991 ఫిబ్రవరి 26న దేశము విముక్తమైనప్పుడు గోడ వెనుక వస్తువులు వస్తువులుగనే యున్నవి.

శ్రోతలారా, ఈ రెండు సంస్థల భేదమును తేలికగా తీసికొనరాదు. ఒకటి రాజ్యముచే పోషింపబడినది, విశాలమైన ప్రాంగణము గలది, కావలివారు గలది, పటములో ఎల్లరికిని కనుపించునది. కనుపించుటయే దానికి శత్రువైనది. మరియొకటి ఒక సంసారముచే పోషింపబడినది, పేటలో కలిసిపోయినది, దానిని కాచినవారు అందులోనే కాపురమున్నంత దగ్గరివారు. రాజ్యము నిర్లక్ష్యము చేసెనని నా అభిప్రాయము కాదు. ఒక్క రాత్రిలో రాజ్యమే మాయమైనప్పుడు దానిని నిందించుటలో న్యాయము లేదు. ఇటుకయు సున్నమును తెచ్చి గోడ కట్టవలెనను ఆలోచన మాత్రము, ఆ వస్తువులలో ప్రతిదానిని తమ చేతితో కొని తెచ్చుకొన్నవారికి సహజముగ కలిగినది.

విమోచనానంతరము యాత్రికులకు ప్రియమైన కట్టడములు త్వరగా కోలుకొనినవి. సైనికుల చేతిలో దెబ్బతిన్న కువైటు టవర్లు, 1979లో తెరువబడినవి, కొలదికాలముననే మరమ్మతు పొంది మరల జనులను ఆకర్షించినవి. అందు వింత లేదు. గాజును, ఉక్కును డబ్బుతో కొనవచ్చును, కువైటునకు డబ్బు కొదువలేదు. ఆరువందలకు పైగా చమురు బావులు మండుచుండగా, ఊరంతటను మసి వర్షించుచుండగా, 1991 నవంబరు 6న చివరి బావి ఆరువరకు ఆకసము నల్లబడియే యుండిన దేశమున అట్టి పునర్నిర్మాణము ప్రజల ధైర్యమునకు అవసరమనియు ఒప్పుకొందును. జాతీయ మ్యూజియము కథ అట్లు సాగలేదు. ఐక్యరాజ్యసమితి మధ్యవర్తిత్వమున 1991 శరత్కాలమున బాగ్దాదులో ఒక్కొక్క వస్తువును సరిచూచి అప్పగించుట జరిగినది. అధికభాగము తిరిగివచ్చినది, కొన్ని పగిలి వచ్చినవి, కొన్ని నేటికిని రాలేదు. వచ్చినవానికి ఇల్లు లేదు. కాలిన భవనపు భాగములు దశాబ్దములపాటు మూతబడియే యుండగా, సేకరణమునందలి వస్తువులు విదేశముల మ్యూజియములలో ప్రదర్శనములకు పోవుచు, వచ్చుచు, తుదకు 2011లో తీరమునందలి పూర్వపు అమెరికన్ మిషన్ ఆసుపత్రి భవనమున, నేడు అమ్రికానీ సాంస్కృతిక కేంద్రమనబడు చోట, నీడ సంపాదించుకొనినవి. యుద్ధము ఏడు నెలలు. దాని గాయము మానుటకు ఇరువది యేండ్లు చాలలేదు. జాబ్రియాలో ఇటుకలు తీసివేసిన తోడనే సందర్శకులకు చూపుటకు సర్వమును సిద్ధముగనుండెను.

మూడవ విధమైన గతియు నొకటి కలదు. దానికి ఫైలకా ద్వీపము నిదర్శనము. కువైటు అఖాతము ముఖద్వారమున ఉన్న ఈ చిన్న ద్వీపమున 1958లో డేనిష్ శాస్త్రజ్ఞులు త్రవ్వకములు ఆరంభించి, నాలుగు వేల యేండ్లనాటి దిల్మున్ నాగరకతా చిహ్నములను, అలెగ్జాండరు అనంతరకాలమున గ్రీకులు ఇకారొస్ అని పిలిచిన స్థావరమును వెలికిదీసిరి. 1990లో ఆక్రమణదారులు ద్వీపవాసులను వెడలగొట్టి, నేలను మందుపాతరలతో నింపిరి. పాతరలు తొలగింపబడినవి, పురావస్తు శాస్త్రజ్ఞులు మరలివచ్చిరి, నేడు పడవలలో విహారయాత్రికులును పోవుచున్నారు. పోయి వారు చూచునవి గ్రీకుల కోటతోపాటు, గుండ్ల దెబ్బలతో గోడలు జల్లెడయైన బ్యాంకును, తుప్పుపట్టిన యుద్ధశకటములును. పూర్వవాసులు మాత్రము మరల కాపురమునకు రాలేదు. యాత్రికుల లెక్క చూచిన యెడల ఫైలకా కోలుకొన్నది. ఊరు లేని ఆ కోలుకొనుటకు నేను మంచి మార్కులు వేయజాలను.

మన దేశమునకు వత్తము. కువైటునకు ఒక్క రాత్రి గడువును లేకుండెను. మనకు నాగార్జునకొండ విషయమున సంవత్సరముల గడువు లభించినది. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినప్పుడే, ఇక్ష్వాకుల విజయపురి నీట మునుగుట నిశ్చయము. 1954 నుండి 1960 వరకు రాయప్రోలు సుబ్రహ్మణ్యము గారి ఆధ్వర్యవమున ఆ లోయ అంతయు త్రవ్వి, కొన్ని కట్టడములను కొండమీదికిని, అనుపునకును తరలించి, కొండపై మ్యూజియము కట్టి, శిల్పములను అందు చేర్చిరి. నేడు జలాశయముపై పడవలో పోయి కొండనెక్కు బాలునకు అది ఒక విహారస్థలము. నీటి క్రింద ఒక నగరమున్నదన్న సంగతి గైడు చెప్పిననే తెలియును. ఆ త్రవ్వకములు జరిగిన దినములలో అచ్చట పర్యాటకుడనువాడు లేడు. కొండపై మనము చూచు ప్రతి శిల్పమును ఆ నిర్జన కాలపు శ్రమయే కాపాడినది.

వరంగల్లు వేయిస్తంభముల గుడి కల్యాణమండపమునకు గడువు ఇచ్చినది మనమే, దుర్వినియోగము చేసినదియు మనమే. 1163లో రుద్రదేవుడు కట్టించిన ఆ ఆలయపు మండపము కుంగిపోవుచున్నదని 2006 ప్రాంతమున విప్పి, రాళ్ళకు అంకెలు వేసి ప్రక్కన పేర్చిరి. ఆ పేర్చిన రాళ్ళు పదునెనిమిది యేండ్లు ఎండకు ఎండి వానకు తడిసినవి. 2024 మార్చి 8న, మహాశివరాత్రినాడు, మండపము మరల భక్తుల ఎదుట నిలచినది. రాళ్ళకు అంకెలు వేసిన చేతులకు నా నమస్కారము. అవి లేకున్న ఆ గుట్టలో ఏ రాయి యెచ్చటిదో కాకతీయుడు వచ్చి చెప్పవలసి యుండెడిది.

మహమ్మారి కాలమునుగూర్చి చెప్పక ఈ ప్రసంగము ముగియదు. 2020లో ప్రపంచమునందలి మ్యూజియములలో తొంబదిపాళ్ళు, అనగా ఎనుబదియైదు వేలకు పైగా, తలుపులు మూసికొనినవని యునెస్కో లెక్కవేసినది. మన దేశమున పురావస్తుశాఖవారు మార్చి 17న తమ కట్టడములన్నింటిని మూసి, జులై 6న తెరచి, మరల 2021 ఏప్రిలు 16 నుండి జూను మధ్యవరకు మూసివేసిరి. గోడకు జ్వరము రాదు. శిలలకు ఆకలి లేదు. చార్మినారు చెంత ఫొటోలు తీయువాడు, లాడ్ బజారులో లక్కగాజులు చేయు స్త్రీ, గోలకొండ ద్వారమున చప్పట్లు చరచి ప్రతిధ్వని వినిపించు గైడు, పాలంపేటలోని రామప్ప గుడికి యాత్రికులను చేర్చు ఆటోవాడు, వీరు పస్తులుండిరి. కువైటున మన కూలిజనులు అధికముగ నివసించు జలీబ్ అల్ షుయూఖ్, మహబూలా ప్రాంతములు 2020 ఏప్రిలులో చుట్టును కంచెవేసి వేరుచేయబడెను. రామప్ప గుడికి ఆ దుర్దినములలోనే ఒక శుభవార్త వచ్చినది: మహమ్మారిచే ఒక యేడు వాయిదాపడి, చైనా దేశపు ఫుజౌ నగరమునుండి అంతర్జాలముమీద జరిగిన సభలో, 2021 జులై 25న, రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆ ఆలయము ప్రపంచ వారసత్వపు పట్టికకెక్కినది. ఇసుకపై నిలిపిన పునాదితోడను, నీట తేలు ఇటుకల శిఖరముతోడను ఎనిమిది వందల యేండ్లు నిలిచిన గుడికి గుర్తింపు తెచ్చిన పత్రములన్నియు సందర్శకుల సందడికి దూరముగ, కార్యాలయములలో, సంవత్సరములపాటు తయారైనవి. ద్వారములు తెరచినప్పుడు జనము రానే వచ్చిరి.

సంక్షోభము తీరిన మరునాడు ప్రభుత్వములు మొట్టమొదట చేయు పని ప్రకటనలు వేయించుట, రంగుదీపముల ఉత్సవములు జరుపుట. వానిని నేను ద్వేషింపను. పండుగ ఎవ్వరికి చేదు? కాని ఆ ధనమున పదవ వంతైనను నిర్జన కాలమునందు గైడ్లకు, కావలివారికి, చేతిపనివారికి జీతముగ ఇచ్చి, వారిచేత వస్తువుల పట్టికలు వ్రాయించి, పగుళ్ళను కొలిపించి, పాత ఫొటోలను సరిచూపించిన యెడల, ద్వారము తెరచిన దినమున ఆ స్థలము బలహీనముగాక బలముతో లేచును. 2015 ఏప్రిలు 25న భూకంపమున కూలిన ఖాట్మండు లోయ ఆలయములలో, పాటన్ నగరపు చెక్కడపు కొయ్యలను స్థానికులే శిథిలములనుండి ఏరి భద్రపరచిరి. పునర్నిర్మాణమునందు పాత కొయ్యను మరల అమర్చగలుగుట ఆ చేతుల చలువయే. బాగ్దాదునుండి పెట్టెలు తిరిగివచ్చినప్పుడును, నాగార్జునకొండ మునిగినప్పుడును, వేయిస్తంభముల గుడి రాళ్ళ గుట్టలోను, పనికివచ్చినది ముందుగ వ్రాసియుంచిన పట్టిక. పట్టిక వ్రాయు గుమాస్తాకు ఎవ్వరును సన్మానము చేయరు. చేయవలెనని నా మనవి.

ఇంకొక మాట. పర్యాటకుడనగానే విమానము దిగి, డాలరు మార్చుకొను పరదేశియే మన కనుల ఎదుట మెదలును. ఆపద వచ్చిన దినమున మొదట తప్పుకొనువాడు అతడే, అది అతని తప్పును కాదు. ప్రక్కవీధిలో నివసించువాడు సందర్శకుడైన స్థలమునకు ఆపదలోను మిత్రులుందురు. కువైటునందు లక్షలకొలది భారతీయులున్నారు. వారిలో తెలుగువారి సంఖ్యయు తక్కువ కాదు. అయినను మ్యూజియము అనునది చదువుకొన్నవారి వ్యవహారమని, అకామా అను నివాసపత్రము గల కూలివానికి అచ్చట పనియేమని మనవారు వెనుదీయుదురు. జెహాన్ రజబ్ గారు సేకరించిన వెండి కడియములను, కంటెలను చూచినచో రాయలసీమ ఆడుబిడ్డకు తన అవ్వ పెట్టె గుర్తునకు వచ్చును. వానిని గూర్చి తెలిసికొనుటకు పట్టభద్రత అక్కరలేదు.

కావున కువైటునందున్న సోదరసోదరీమణులకు ఈ ప్రసంగమూలమున ఒక విన్నపము. సెలవు దొరకిన దినమున, తెరచు వేళలను ముందుగ విచారించుకొని, ఇద్దరు ముగ్గురు కలిసి జాబ్రియా పన్నెండవ బ్లాకునకు పోయి తారిఖ్ రజబ్ మ్యూజియమును చూడుడు. 2007లో అదే పేటలో రజబ్ దంపతులు తెరచిన లిపికళా మ్యూజియమును కూడ చూడుడు. పిల్లలున్నవారు పిల్లలను తీసికొనిపొండు. దారి తెలియనిచో న్యూ ఇంగ్లిష్ స్కూలు ఎచ్చటనని అడుగుడు. మ్యూజియము ఆ చేరువనే ఉన్నది.